లేని పుస్తకాలు మూడు

శుక్రవారం ఉదయం పదీ నలభైకి కరుణమ్మ గిద్దలూరు కాలేజీలోని పరిశోధన గదిలో అడుగుపెట్టేసరికి శివపార్వతి ఏడుపు ఆపేసి బొరుగులు తింటోంది. కరుణమ్మకు ఆ పిల్ల మీద అక్కడే సగం నమ్మకం కుదిరింది. తప్పు చేసి దొరికినవాళ్ళకు గొంతులోకి ఏదీ దిగదని ముప్పై నాలుగేళ్ళ పోలీసు ఉద్యోగంలో ఆమె చాలాసార్లు చూసింది.

ఆమె ఏ.ఎస్.ఐ.గా రిటైరై మూడేళ్ళయింది. మార్కాపురంలో సొంతంగా ఒక చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. పెళ్ళిసంబంధాల వాకబు నుంచి మాయమైన మోటారు సైకిళ్ళ దాకా అన్నీ చూసింది గానీ, పుస్తకాల కేసు ఇదే మొదటిది. పొద్దున్నే ప్రిన్సిపాల్ రాజేశ్వరమ్మ ఫోన్ చేసి, "మూడు గంటలకు కమిటీ కూర్చుంటుంది కరుణమ్మగారూ, ఆలోపల నిజమేందో తేల్చాల" అనగానే ఉన్నపళంగా రైలెక్కింది. కొత్త రకం మోసం అంటే ఆమెకు కొత్త చీర కట్టుకున్నంత సంబరం.

"చెప్పు పాపా, మొదటినుంచి."

శివపార్వతి చేతులు దులుపుకుంది. హనుమంతునిపాడు దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. ఐదేళ్ళు మందల వెంట తిరిగి, కాపరులు వాడే మాటలన్నీ పోగేసి సిద్ధాంత గ్రంథం రాసింది. దాన్ని ఇవాళ సాయంత్రం ఐదు లోపల యూనివర్సిటీకి పంపాలి. కమిటీ పంపనంటే రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతుంది. ఐదేళ్ళ కష్టం గాలికి పోతుంది.

"బుధవారం సాయంత్రం ఎవరో పేరు లేకుండా మేడంకు మెయిల్ పెట్టినారు పెద్దమ్మా. నా గ్రంథం ఏఐ రాసిందంట. లోకంలో లేని పుస్తకాలు మూడు చూపించినానంట. నేను మాట్లాడిన కాపరులు గూడా ఉత్తుత్తి మనుషులంట."

"ఏఐ వాడినావా, లేదా?"

"వాడినాను." ఆ పిల్ల తడుముకోలేదు. "రెండొందల గంటల రికార్డింగులు పెద్దమ్మా. వినుకుంటా చేత్తో రాయాలంటే ఇంకో రెండేళ్ళు పట్టేది. అది రాసిపెట్టింది, నేను మళ్ళీ విని దిద్దుకున్నాను. మా మాటలు దానికి యాడ తెలుస్తాయి? మా కోటమ్మవ్వ 'చిటుకు రోగం' అంటే, అది 'చిటికెడు రాగం' అని రాసింది."

కరుణమ్మ ఫక్కున నవ్వింది. శివపార్వతి కూడా, రెండు రోజుల తర్వాత మొదటిసారి, నవ్వింది.

"ఇంకేం చేయించినావు దానితో?"

"ఇంగ్లీషు సారాంశం దిద్దింది. ఉపయుక్త గ్రంథసూచి అక్షరక్రమంలో సర్దింది. అంతే. ఆ సంగతి ముందుమాటలోనే రాసినాను. నాలుగో పేజీ చూడండి."

కరుణమ్మ చూసింది. ఉంది. ఏ పనికి ఏ పనిముట్టు వాడిందో, ఏ నెలలో వాడిందో, పూసగుచ్చినట్టు ఉంది. తాను చేయబోయే దొంగతనం గురించి ముందే కాగితం రాసిచ్చిన దొంగను ఆమె ఇంతవరకూ చూడలేదు.

బైండు చేసిన ప్రతిలో గ్రంథసూచి చివరిదైన 214వ పేజీ తెరిచింది. పైన మూడే వరుసలు: 'మంద వెనక మాట', 'నల్లమల మేతబీళ్ళ పరిచయం', 'కంబళి కింద కబుర్లు'. రాసినవాళ్ళ పేర్లు, అచ్చయిన ఊళ్ళు, సంవత్సరాలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఆ పుస్తకాలు మాత్రం ఏ లైబ్రరీలోనూ లేవని ప్రిన్సిపాల్ అప్పటికే విచారించింది.

"ఆ ఏఐని ఇట్ల తెరువు. సాక్షిని అడగకుండా కేసేంది?"

శివపార్వతి ల్యాప్‌టాప్ ముందుకు జరిపింది. కరుణమ్మ కుర్చీ లాక్కుని, స్టేషన్లో కూర్చున్నట్టు ఎదురుగా కూర్చుంది. 'మంద వెనక మాట' పుస్తకం గురించి చెప్పమని అడిగించింది. క్షణంలో అరపేజీ జవాబు వచ్చింది. ఏడు అధ్యాయాలట. మూడో అధ్యాయం చాలా లోతైనదట.

"నువ్వు చదివినావా అని అడుగు."

క్షమించమంది ఏఐ. అలాంటి పుస్తకం ఉన్నట్టు తన దగ్గర ఆధారమేదీ లేదంది.

కరుణమ్మ పగలబడి నవ్వింది. "వీడు నాకు బాగా తెలిసిన సాక్షే పాపా! ఊరికొకడుంటాడు. దొంగ ఎటు పోయినాడ్రా అంటే, తెలీదని చెప్పడం నామోషీ. తూర్పుకు పోయినాడు, నీలం చొక్కా, కుంటుకుంటా పోయినాడు అంటాడు. గట్టిగా అడిగితే ఆ రోజు నేను ఊళ్ళోనే లేనంటాడు. చెడ్డోడు కాదు. అడిగినోళ్ళను ఉత్త చేతులతో పంపలేడు, అంతే."

కాపరుల మీద పుస్తకాలు చెప్పమని మూడుసార్లు, వేరువేరుగా అడిగించింది. మూడుసార్లూ నిజం పుస్తకాల మధ్య ఒకటో రెండో లేనివి దొర్లాయి. కానీ ఒకసారి వచ్చిన లేని పేరు రెండోసారి రాలేదు. కరుణమ్మ నోట్‌బుక్కులో రాసుకుంది: 'ఈ సాక్షి చెప్పిన అబద్ధమే మళ్ళీ చెప్పడు.'

"ఇప్పుడు నీ సొంత ఫైలు చూపించు."

ఆ ఫైల్లో గ్రంథసూచి తొంభై ఆరు పుస్తకాలతో, 'హ' అక్షరంతో, 213వ పేజీ అడుగున ముగిసింది. బైండు ప్రతిలో తొంభై తొమ్మిది ఉన్నాయి. ఆ మూడూ 'హ' తర్వాత వచ్చి పడ్డాయి.

కరుణమ్మ వేలితో ఆ వరుసల మీద కొట్టింది. "నీ ఏఐ అయితే 'మంద'ను 'మ' దగ్గర సర్దేది, 'కంబళి'ని 'క' దగ్గర పెట్టేది. ఇది మిషను పని కాదు. తొందరలో ఉన్న మనిషి చివర అంటించిపోయినాడు. గ్రంథం ఎప్పుడు అచ్చుకిచ్చినావు?"

"బుధవారం పదిన్నరకు సాయినాథన్న షాపులో పెన్ డ్రైవ్ ఇచ్చినాను. పదకొండు బస్సుకు ఊరికి పోయినాను. గురువారం పొద్దున వచ్చి కాపీలు తీసుకున్నాను."

కరుణమ్మ ఆకాశరామన్న మెయిల్ మరోసారి చదివింది. బుధవారం సాయంత్రం ఐదూ రెండు నిమిషాలకు వచ్చింది. 'గ్రంథం 214వ పేజీలో చూపిన మూడు పుస్తకాలూ కల్పితాలు' అని ఉంది అందులో.

ఆమె నోట్‌బుక్కు మూసి లేచింది.

సాయినాథ్ షాపు బస్టాండు వెనక సందులో ఉంది. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. లోపలి గదిలో కాగితాలు కోసే మిషను, జిగురు డబ్బాలు. పన్నెండూ పావుకు కరుణమ్మ గడప దాటుతూనే రెండు గదుల మధ్య తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసింది. లోపల మిషను దగ్గర నిలబడితే ముందు గది గోడ తప్ప ఏమీ కనబడదు. మిషను తిరిగితే మాట కూడా వినబడదు.

"బుధవారం ఈ గ్రంథం ఎప్పుడు ప్రింటు తీసినావు సాయినాథూ?"

"రాత్రి ఏడు దాటినాకక్కా. పగలంతా వేరే బైండింగులు."

"ఐదుకు ఒక్క కాగితం గూడా బయటికి రాలేదు కదా?"

"ఒక్కటి గూడా రాలేదు."

కరుణమ్మ కళ్ళు మెరిశాయి. పుట్టని పేజీ నంబరు ఐదూ రెండుకే ఒకరికి తెలుసన్నమాట.

సాయినాథ్ రెండో కంప్యూటర్లో ఫైలు వివరాలు తెరిచాడు. చివరిసారి మార్చింది బుధవారం సాయంత్రం నాలుగూ పద్దెనిమిదికి. అతని ముఖం పాలిపోయింది. "అక్కా, నేను ముట్టుకోలేదు. ఆ టైంలో లోపల కాగితాలు కోస్తా ఉన్నాను. దేవుడి తోడు!"

"నిన్నెవరన్నారు నాయనా? ఈ కంప్యూటర్ దగ్గర ఎవరు కూర్చున్నారు?"

"ఎవరెవరో వస్తారక్కా. పెన్ డ్రైవ్ పెట్టుకుని వాళ్ళే ప్రింటు ఇచ్చుకుంటారు."

"ఆ ప్రింటరుకు ఏమేం పంపినారో లిస్టుంటుంది కదా? చూపించు."

లిస్టు తెరపైకి వచ్చింది. మూడూ నలభైకి ఒక పెళ్ళిపత్రిక. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాలుగూ ఇరవై అయిదుకు ఒకే ఒక్క పేజీ. దాని పేరు చదివి కరుణమ్మ రెండు చేతులూ రుద్దుకుంది.

"పాత లిస్టంతా తియ్యి. ఆర్నెల్లదీ, ఏడాదిదీ, ఎంతుంటే అంత. ఇదే పేరు ఇంకెన్నిసార్లుందో, ఆయా రోజుల్లో నువ్వు ఎవరి గ్రంథాలు బైండు చేసినావో రాసిపెట్టి, నాకు ఫోన్ చెయ్యి. పాత ఫైళ్ళన్నీ వేరే డ్రైవులో దాచు."

తిరిగి వచ్చి, రాజేశ్వరమ్మ పంపిన పులిహోర కడుపునిండా తిని, రెండూ ఇరవైకి కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుంది. సిద్ధాంత గ్రంథాలన్నీ దాచే వెబ్‌సైటులో పావుగంట వెతికింది. లేచేటప్పుడు ఒక కాగితం ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి నోట్‌బుక్కులో దాచుకుంది.

మూడు గంటలకు కమిటీ గదిలో రాజేశ్వరమ్మ, ఇద్దరు లెక్చరర్లు కూర్చున్నారు. వాళ్ళకు కుడిపక్క, ల్యాప్‌టాప్ ముందు లక్ష్మీకాంత్ ఉన్నాడు. 'నిక్కచ్చి' అనే సాఫ్ట్‌వేర్ అతనిది. ఏది మనిషి రాసిందో, ఏది మిషను రాసిందో చెప్పేస్తుందట. గురువారం పొద్దున్నే అతని ప్రకటన కాగితం ప్రిన్సిపాల్ బల్లమీదికి వచ్చింది. దిక్కుతోచక ఆమే అతన్ని పిలిచింది. కరుణమ్మను చూసి అతను పెదవి విరిచాడు.

"మేడం, ఇది టెక్నికల్ విషయం. కోళ్ళ దొంగల కేసు కాదు. రిపోర్టు ఇచ్చేశాను. ఎనభై ఏడు శాతం మెషీన్ రాసిందే."

"మీ మిషను తప్పు చెప్పదా సార్?"

"నిక్కచ్చి తప్పు చెప్పే ప్రశ్నే లేదు."

"అయితే నేను చెప్పేది కొట్టండి." కరుణమ్మ కళ్ళు మూసుకుని గడగడా అందుకుంది. "పై తెలిపిన పంచాయతీదారులమైన మేము, పోలీసువారి కోరిక మేరకు, సంఘటనా స్థలమునకు హాజరై, దిగువ వివరించిన విధముగా పరిశీలన జరిపితిమి..." అలా ఒక పేజీ చెప్పింది. లక్ష్మీకాంత్ విసుక్కుంటూనే టైపు చేసి మీట నొక్కాడు.

రాజేశ్వరమ్మ వంగి తెర చూసింది. "తొంభై మూడు శాతం మిషనంట!"

"పంతొమ్మిదొందల తొంభై ఎనిమిదిలో పోయిన మేకకు నా చేత్తో రాసిన పంచనామా సార్ అది. ఎండలో నిప్పుల్లాంటి బండమీద కూర్చుని రాసినాను. అప్పుడు మా స్టేషన్లో టైపు మిషను గూడా లేదు."

లెక్చరర్లిద్దరూ పడీపడీ నవ్వారు. లక్ష్మీకాంత్ నవ్వలేదు. "సరే, శాతాలు వదిలేయండి. లేని పుస్తకాలు? లేని మనుషులు? ఈ కోటమ్మ ఎవరు? ఫోన్ నంబరు లేదు, అడ్రస్ లేదు. గ్రంథం నిండా ఆవిడ మాటలే."

"బుధవారం నాలుగూ ఐదు నుంచి నాలుగూ నలభై దాకా నేను అవ్వ దగ్గరే ఉన్నాను సార్," అంది శివపార్వతి. "రికార్డింగ్ ఉంది."

"గొంతు కూడా ఏఐతో పుట్టించవచ్చు."

శివపార్వతి కోపంతో ఊరికి వీడియో కాల్ కలిపింది. మేనమామ ఫోన్ తీసి, దొడ్డిలోకి తీసుకుపోయి, తెల్లజుట్టు ముసలామె ముఖానికి ఆనించాడు. వెనక గొర్రెల అరుపులు గదంతా నిండాయి.

"అవ్వా, నువ్వు లేవంటున్నారు ఇక్కడ!"

"ఎవురు? నేను లేనా?" కోటమ్మ ఫోన్లోకి తొంగి చూసింది. ఆమె ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. "ఓ నాయనా, ఒకసారి మా దొడ్డికి రా. ఉన్నానో లేనో గిల్లి చూసుకుందువు. నేను లేకుంటే ఈ నూటిరవై గొర్రెలను నీ అబ్బ మేపుతున్నాడా?"

"చిటుకు రోగం ఎట్ల వస్తుందో ఈ సారుకు చెప్పవ్వా," అంది కరుణమ్మ.

"తొలివానకు లేచిన లేతగడ్డి, మంచు ఆరకముందే కడుపునిండా తింటే వస్తుంది. చిటిక వేసేలోపల పడిపోతుంది గొర్రె. ఇంత చదువుకున్న సారుకు ఇది గూడా తెలీదా, పాపం!"

రాజేశ్వరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది. గ్రంథం తెరిచి చూస్తే నూట ముప్పయ్యో పేజీలో అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది.

ఇక కరుణమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతులో నవ్వు పోయింది. "బుధవారం నాలుగూ పద్దెనిమిదికి సాయినాథ్ షాపులో ఎవరో ఈ ఫైలు తెరిచి మూడు పుస్తకాలు చేర్చినారు. అందుకే కొత్తగా 214వ పేజీ పుట్టింది. ఐదూ రెండుకు మెయిల్ వచ్చింది, అదే పేజీ నంబరుతో. అచ్చయింది రాత్రి ఏడు తర్వాత. నాలుగూ ఇరవై అయిదుకు అదే కంప్యూటర్ నుంచి ఒక కాగితం ప్రింటయింది. అది 'నిక్కచ్చి' ప్రకటన."

లక్ష్మీకాంత్ ఫోన్ తీశాడు. "ఒక్క నిమిషం, అర్జంట్ కాల్," అంటూ బయటికి నడిచాడు. గోడ గడియారం మూడూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది.

"పోనీండి," అంది కరుణమ్మ. "ల్యాప్‌టాప్ ఇక్కడే ఉంది, ఎక్కడికి పోతాడు?" మడత కాగితం విప్పి బల్లమీద పరిచింది. "ఏఐ చెప్పిన అబద్ధం మళ్ళీ చెప్పడం లేదని పొద్దున చూసినాను. మరి ఈ మూడు పేర్లు ఇంకెక్కడైనా ఉంటే, ఒకరి దగ్గర నుంచి ఇంకొకరు ఎత్తుకున్నట్టే. వెతికితే ఒకే ఒక్క గ్రంథంలో దొరికినాయి. ఇవే మూడు, ఇవే ఊళ్ళు, ఇవే సంవత్సరాలు. చదవండి మేడం, ఎవరిదో."

రాజేశ్వరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "లక్ష్మీకాంత్ డాక్టరేట్ గ్రంథం! ఇదీ కాపరుల మీదే!"

"ఆయనకు ఏఐ చెప్పిన పేర్లను చూసుకోకుండా రాసేసుకున్నాడు. లేని పుస్తకాలని తర్వాత తెలిసుంటుంది. ఎవరూ పట్టుకోలేదు. ఇంకొకరి నెత్తిన రుద్దడానికి చేతిలో సిద్ధంగా ఉన్నాయి కదా అని వాటినే వాడినాడు. ఆయన పట్టిస్తే కాలేజీలు భయపడి ఆయన సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటాయి."

కమిటీకి ఇంకేమీ అడగాల్సింది లేకపోయింది. మూడూ యాభై ఎనిమిదికి, 213 పేజీల అసలు ఫైలును రాజేశ్వరమ్మ స్వయంగా యూనివర్సిటీకి పంపింది. 'అందినది' అన్న అక్షరాలు తెరమీద కనబడగానే శివపార్వతి కరుణమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఫోన్లో ఇంకా లైనులోనే ఉన్న కోటమ్మ, ఏమయిందే, ఏమయిందే అని అరుస్తోంది. ఎవరో మిఠాయిలకు మనిషిని పంపారు.

ఆ సందడిలో సాయినాథ్ ఫోన్ వచ్చింది. నాలుగూ ఇరవై.

"అక్కా, ఆ ప్రకటన ఏడాదిలో పదకొండుసార్లు ప్రింటయింది. పదకొండుసార్లూ నేను ఏదో ఒక గ్రంథం బైండు చేసే రోజే. పేర్లన్నీ రాసినాను. వాళ్ళలో ముగ్గురు చదువే మానేసి పోయినారంట."

కరుణమ్మ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"ఇంకోటక్కా. ఆ ప్రకటన తీసుకునే నిక్కచ్చి సారు ఇవాళ తొమ్మిదిన్నరకు గూడా వచ్చి కూర్చున్నాడు. అప్పటికి క్రాంతి కుమార్ గ్రంథం ఇంకా ప్రింటు కాలేదు. పొదిలి అబ్బాయి, ఇక్కడ ట్యూషన్లు చెప్తాడు. పదకొండున్నరకు కాపీలు తీసుకుపోయినాడు. ఇందాక ఆ సారు మళ్ళీ ఉరుకుతా వచ్చినాడు. వైరస్ ఉందని చెప్పి, నేను వద్దంటున్నా ఆ ఫైలు తుడిచేసినాడు. పాతవి దాచినా గానీ, ఇవాళ్టిది పోయిందక్కా."

"క్రాంతి కుమార్ ఎక్కడున్నాడు?"

"నాలుగూ నలభై గుంటూరు బండికి పోతున్నాడు. రేపు పొద్దున యూనివర్సిటీలో ఇస్తాడంట. ఫోన్ కలవడం లేదు. బండి సంగతి పొద్దున ఆ సారు ముందరే చెప్పినాడు."

తుడిచేసిన ఫైలుకు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం క్రాంతి కుమార్ తీసుకుపోతున్న కాపీల మూటలో ఉంది. గదిలోనే ఉన్నవాణ్ణి 'పోనీండి' అని తానే వదిలేసింది. కరుణమ్మ తనను తానే ఒక మాట తిట్టుకుని, చెప్పులు వెతుక్కుంది.

"నా స్కూటీ ఉంది పెద్దమ్మా!" శివపార్వతి అప్పటికే మెట్లు దిగుతోంది.

వాళ్ళు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి బండి కూత వేసి కదిలింది. మూడో పెట్టె కిటికీలో లక్ష్మీకాంత్ చొక్కా కనబడింది. శివపార్వతి పరుగెత్తి ముందు ఎక్కి చెయ్యందించింది. వెనకబడ్డ గొర్రెను గట్టు మీదికి లాగే చెయ్యి అది. ఒక్క ఊపున కరుణమ్మ పెట్టెలో పడింది. మోకాళ్ళు రెండూ మొర పెట్టుకున్నాయి.

క్రాంతి కుమార్ కిటికీ పక్కన హాయిగా జామకాయ తింటున్నాడు. ఎదురుగా లక్ష్మీకాంత్. అతని ఒళ్ళో ఎర్రగుడ్డ కట్టిన మూట.

"ఈ సార్ చాలా మంచోరమ్మా," అన్నాడు క్రాంతి, తన వైపే చూస్తూ రొప్పుతున్న పెద్దావిడకు చోటిస్తూ. "మార్కాపురం రోడ్డు స్టేషన్లో నేను దిగేదాకా మూట పట్టుకుంటా అన్నారు. నువ్వు కాసేపు నిద్రపో అన్నారు."

కరుణమ్మ లక్ష్మీకాంత్ పక్కన ఇరుక్కుని కూర్చుంది. మూట మీద తన రెండు చేతులూ మెత్తగా ఆనించింది. శివపార్వతి తలుపుకు అడ్డంగా నిలబడింది. బండి ఊరు దాటి వేగం అందుకుంది.

"నేనూ అక్కడే దిగుతా సార్," అంది కరుణమ్మ, నోట్‌బుక్కు తెరిచి పెన్ను మూత తీస్తూ. "గంటకు పైగా ప్రయాణం. పదకొండు పేర్లున్నాయి. మొదటి పేరు నుంచి చెప్పండి."